ఉడుకుకొట్టం కింది నేల

ఫల్గుణ చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. ఈ మాట సుక్రు డుంబ్రిగుడ సంతలో అంటాడు, కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లం మీద అంటాడు, జీపు కోసం రోడ్డు పక్కన నిలబడి, పక్కవాడు విన్నా వినకపోయినా అంటాడు. పేరు పెట్టి మరీ అంటాడు. వాళ్ల ఊరు జీలుగుపుట్టులో ముసలివాళ్లకు ఆ పేరు అతని నోట వినబడితే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే సుక్రూ ఫల్గుణా నేస్తం కట్టినవాళ్లు.

నేస్తం అంటే పట్నంలో ఫ్రెండు అనే మాట లాంటిది కాదు. చైత్రంలో మగవాళ్లంతా వేటకెళ్లే ఇటుకల పండగనాడు ఊరందరి ముందూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నుదుట ఒకరు బియ్యం అద్దుకుని, తలపాగాలు మార్చుకుంటారు. ఆ పూట నుంచి ఒకరి పేరు ఒకరు పలకరాదు. నేస్తం అడిగితే లేదనరాదు. ఇచ్చేటప్పుడు సాక్ష్యం పెట్టరాదు. ఇచ్చాక దాని ఊసు మళ్లీ ఎత్తరాదు. అన్నదమ్ములు గట్టు దగ్గర కొట్టుకుని సాయంత్రం కలిసి తాగొచ్చు. నేస్తాలకు ఆ వెసులుబాటు లేదు.

ఇద్దరూ మీసాలు వచ్చీరాని వయసులో కట్టుకున్న నేస్తం అది. సుక్రు అప్పటికే అయిదో తరగతితో బడి మానేసి తండ్రి వెనక నాగలి పట్టాడు. ఫల్గుణ ఇంటరు దాకా వెళ్లి, తర్వాత జీపు కొని, అరకు వచ్చే టూరిస్టుల్ని కొండలన్నీ తిప్పడం మొదలుపెట్టాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ఎవరినైనా నవ్వించే నోరు, కళ్లకు నల్లద్దాలు. సుక్రుకి ఉన్నదల్లా తండ్రి వదిలిపోయిన ఎకరా డెబ్బై నాలుగు సెంట్ల పట్టా నేల. గెడ్డను, అంటే కొండవాగును, ఆనుకుని కాస్త చదును చెక్క, దాని పైన వాలంతా సిల్వర్ ఓకు చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. ఆ నేల మీద పండినదే తిన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, తల్లిని సాగనంపాడు. దాన్ని తప్ప ఇంకోదాన్ని నాది అనుకుని ఎరగడు.

యూహా వచ్చింది ఫల్గుణ జీపులోనే. ఫిన్లాండు ముసలాయన. వాళ్ల దేశంలో లేచింది మొదలు పడుకునేదాకా కాఫీ తాగుతారట; ఆ గింజ పుట్టే చోటు చూద్దామని వచ్చి, సుక్రు తోట నచ్చి, చలికాలమంతా సుక్రు ఇంటి వసారాలోనే మకాం పెట్టాడు. సుక్రు భార్య అసిరమ్మ పెట్టిన రాగి అంబలి లొట్టలేసుకుంటూ తాగేవాడు. ఒక్కటే లోటు ఆయనకి. పొద్దున మంచు కమ్మేసిన వేళ గెడ్డ ఒడ్డున నిలబడి ఏదో గొణుక్కునేవాడు.

"ఏటంటన్నాడు నేస్తం?" అని అడిగాడు సుక్రు ఒకరోజు.

"ఆళ్లూర్ల ఇల్లిల్లుకీ ఒక ఉడుకు గది ఉంటదట. సౌనా అంటారట. రాళ్లు కాల్చి, నీళ్లు జల్లి, ఆ ఆవిర్ల కూకుంటారట. అది లేక ఈయనకి ఒళ్లు పట్టేసిందట," అన్నాడు ఫల్గుణ.

"బాలింతకి కాపడం పెట్టినట్టా?"

"ఆ. మగోళ్లు కూడా బాలింతలే అక్కడ."

అసిరమ్మ పొయ్యి దగ్గర పడీపడీ నవ్వింది. కానీ సుక్రుకి ఆ ముసలాయన మీద జాలేసింది. గెడ్డ ఒడ్డు చెక్కలో జాగా చూపించాడు. సిల్వర్ ఓకు దుంగలు కోయించారు. గోడలకి దుంగల మధ్య సందుల్లో ఎండిన నాచు కూరారు. లోపల మెట్లలా రెండు బల్లలు, మూలన ఇనప పీపా కోసి చేసిన పొయ్యి, పైకప్పు దాటి పోయే గొట్టం. ఆ గొట్టం దగ్గర యూహా రెండు రోజులు తగవులాడాడు. పొగ కొంచెం లోపల నిలిచినా మనిషి నిద్రపోయినట్టే పోతాడట, ఎవరికీ తెలియనైనా తెలియదట. పొయ్యికి గాలి అందాలి, కింద ఒక కంత, ఎదురుగా పైన ఇంకో కంత. తలుపు బయటికే తెరుచుకోవాలి, లోపల గాని బయట గాని గడియ ఉండకూడదు, తల ఎత్తు దగ్గర చిన్న అద్దం ముక్క బిగించాలి.

రాళ్ల దగ్గర సుక్రు పొరపాటు చేశాడు. గెడ్డలో నున్నగా, అందంగా ఉన్నవి ఏరి గంపతో తెచ్చాడు. యూహా తల అడ్డంగా ఊపి, ఒకదాన్ని బయట నిప్పుల్లో పెట్టించి, అందర్నీ దూరంగా నెట్టాడు. కాసేపటికి ఆ రాయి పేలిన చప్పుడుకి కోళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. నీరు పీల్చిన రాయి అది. తర్వాత కొండ మీంచి ఏళ్ల తరబడి ఎండిన నల్లరాళ్లు మోసుకొచ్చారు.

ఊరివాళ్లు దానికి ఉడుకుకొట్టం అని పేరు పెట్టారు. మొదటిసారి ముట్టించిన రోజు గుమ్మం ముందు యూహా వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు. ఫల్గుణ తెలుగులో అందించాడు.

"కడుపునిండా నీళ్లు తాగి రావాలట. కల్లు గాని బ్రాందీ గాని తాగినోడిని గుమ్మమెక్కనివ్వొద్దట."

"మెక్కేసినోడినో?"

"తిన్నాక కొంచేపు ఆగాలట."

"ఉత్తకడుపోడు?"

"ఆడికి కళ్లు తిరుగుతాయట."

"మరెవలు రావాలి నేస్తం, దెయ్యాలా?"

యూహాకి అది చెబితే ఆయన తొడ మీద కొట్టుకుని నవ్వాడు. నవ్వాక మళ్లీ వేళ్లు మడిచాడు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు మింగేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి గాని రాకూడదు. జ్వరమున్నవాళ్లు రాకూడదు. మెడలో గొలుసు, చేతికి వాచీ, వేలికి ఉంగరం తీసెయ్యాలి, లోహం కాలుతుంది. కొత్తవాళ్లు కింది బల్ల మీదే కూర్చోవాలి. ఒంటరిగా కూర్చోవద్దు. ఒళ్లు చాలంటే లేచి వచ్చెయ్యాలి, సిగ్గుపడకూడదు. ఇది పోటీ కాదు.

"ఇంకోటంటన్నాడు," అన్నాడు ఫల్గుణ. "లోపల గుళ్లో ఉన్నట్టుండాలట. కేకలెయ్యకూడదట, బేరాలాడకూడదట, అబద్ధం సెప్పకూడదట."

సుక్రుకి అన్నిటికంటే ఆ మాటే నచ్చింది.

లోపలికి వెళ్లి కింది బల్ల మీద తువ్వాలు పరుచుకు కూర్చున్నాడు. యూహా గరిటెడు నీళ్లు రాళ్ల మీద పోశాడు. రాళ్లు బుస్సుమన్నాయి. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఆవిరి కప్పు కింద నుంచి వంగి వచ్చి వీపు మీద చెయ్యేసింది, చెవులు మండాయి, ముక్కులో గాలి వేడెక్కింది. సుక్రు తలుపు తోసుకుని బయటపడ్డాడు. అందరూ నవ్వుతారనుకుంటే యూహా వెనకే వచ్చి భుజం తట్టాడు. రావాలనిపించినప్పుడు రావడమే పద్ధతి అన్నాడట. గట్టు మీద ఊరికే కూర్చోబెట్టాడు. ఒంట్లోంచి పొగలు లేస్తుంటే కొండ మీది మంచు హాయిగా తగిలింది. కొంచెం చల్లబడ్డాక పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి గెడ్డనీళ్లు పోసుకున్నారు, చెంబెడు నీళ్లు తాగారు, మళ్లీ లోపలికి వెళ్లారు. రెండోసారి ఆవిరి అతన్ని తరమలేదు. నేరేడు లేతకొమ్మల కట్టతో యూహా వీపు మీద తట్టాడు. ఆ రాత్రి సుక్రు పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

యూహా వేసవి మొదట్లో వెళ్లిపోయాడు. మళ్లీ చలికాలం తిరిగేసరికి ఫల్గుణ ఉడుకుకొట్టాన్ని టూరిస్టులకు చూపించడం మొదలుపెట్టాడు. 'అరకులో అసలైన ఫిన్లాండు సౌనా' అని జీపు వెనకద్దం మీద రాయించాడు. అడగలేదు. నేస్తం అడగాల్సిన పని లేదని సుక్రు కూడా అనుకున్నాడు. పొయ్యి ముట్టించడం, రాళ్లు కాచడం, వచ్చినవాళ్లకి నియమాలు చెప్పడం అతని వంతు. వచ్చినవాళ్లు ఫోన్లతో లోపలికి వెళ్లబోతే ఆపేవాడు. గొలుసులు తీయించేవాడు. ఆడవాళ్లు వస్తే అసిరమ్మ గుమ్మం దగ్గర ఉండేది. ఆ మొదటి వారాల్లో రాకూడని వాడు ఒక్కడూ లోపలికి వెళ్లలేదు.

కానీ ఫల్గుణకి వ్యాపారం రుచి తగిలింది. గెడ్డ అవతల ఒడ్డున బొంగులో కోడి వండించాడు, జీలుగుకల్లు కుండలు పెట్టించాడు. ముందు తాగి తిని, ఆ తర్వాత ఉడుకుకొట్టం.

"ముందు కొట్టం, తరవాత కల్లు. యూహా అలాగే సెప్పేడు కాదేటి?" అని సుక్రు అడిగాడు.

"ఆళ్లు సెలవు మీదొచ్చేరు నేస్తం. బడికి కాదు. నువ్వు మేష్టారి లాగ గుమ్మంల నిలబడి 'ఏటి తిన్నావు, ఏటి తాగేవు' అనంటే ఎవుడొస్తాడు?"

"రాకపోతే మాననీ."

"అయిదో తరగతోడికి ఇన్ని రూల్సేటోయ్!"

నేస్తం నవ్వుతూ అన్నాడు గనక సుక్రు కూడా నవ్వాడు. అసిరమ్మ నవ్వలేదు.

నతానియేల్ అనే పంతులు వచ్చింది ఆ డిసెంబరులోనే. విజయనగరం వైపు మిషను బడిలో చెప్తాడు. క్రిస్మసు సెలవులకి ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. మనిషి భారీగా, గొంతు ఇంకా భారీగా, దిగుతూనే అందరితో చేతులు కలిపాడు. గెడ్డ దాటి వస్తుంటే సుక్రుకి కల్లు వాసన తగిలినట్టే అయింది. ఫల్గుణని పక్కకి లాగాడు.

"తాగేరేటి నేస్తం?"

"నీళ్లే. ఒట్టు."

నేస్తం ఒట్టేశాక ఇంక ముక్కుతో పనేముంది. సుక్రు నియమాలన్నీ చెప్పి, ఉంగరాలు తీయించి, లోపల కూర్చోబెట్టాడు. కొంతసేపటికి ఒకరి వెనక ఒకరు ముగ్గురు స్నేహితులూ బయటికొచ్చారు. నతానియేల్ రాలేదు. చివరిదాకా ఉన్నవాడికి మిగతావాళ్లు కోడి కొనిపెట్టాలని పందెమట. పందెం సంగతి విన్నంతనే సుక్రు అద్దం ముక్కలోంచి చూశాడు. పంతులు పై బల్ల మీద గోడకి జారగిలబడి ఉన్నాడు, తల ఒక పక్కకి వాలిపోతోంది.

తలుపు లాగి, చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాడు. బరువుకి ఇద్దరూ గుమ్మంలో పడ్డారు. ఫల్గుణ కాలు నిలవక అటూ ఇటూ పరిగెత్తాడు.

"గెడ్డల ముంచేద్దాం నేస్తం! బేగి లేసొస్తాడు!"

"ముంచితే గుండె ఆగిపోద్ది. ముట్టుకోకు!"

నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద దుంగ పెట్టి, తడిగుడ్డలు మెడ చుట్టూ చంకల్లో పెట్టి, విసనకర్రతో విసిరారు. కళ్లు తెరిచి మాట్లాడేదాకా నోట్లో చుక్క నీరు పొయ్యనివ్వలేదు సుక్రు. కళ్లు తెరిచాక గుక్కగుక్కగా పట్టించాడు. జీపులో ఎక్కించి అరకు ఆస్పత్రికి పంపారు. ఎక్కేటప్పుడు పంతులు సుక్రు చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. నోట్లోంచి కల్లు వాసన గుప్పున కొట్టింది.

జీపు తిరిగొచ్చాక సుక్రు ఆ మాట ఎత్తలేదు. నేస్తం వేసిన ఒట్టుని పట్టుకుని నేస్తాన్ని ఎలా నిలదీస్తాడు?

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఫల్గుణ ఒక్కడే వచ్చాడు. నల్లద్దాలు లేవు. "కొట్టం ముట్టించు నేస్తం. ఈరోజు మనిద్దరమే," అన్నాడు. సుక్రు సంబరపడ్డాడు. ఇన్నాళ్లకి టూరిస్టుల సందడి లేకుండా ఇద్దరూ కలిసి కూర్చుంటారు. మంచి పొడికట్టెలు పెట్టి, నేరేడు కొమ్మలు కొత్తవి కట్టాడు. ఇద్దరూ తువ్వాళ్లు కట్టుకుని కింది బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఫల్గుణే గరిటెతో నీళ్లు పోశాడు. ఆవిరి సద్దుమణిగాక నోరు విప్పాడు.

"పంతులుకి పక్షవాతం వొచ్చింది నేస్తం."

సుక్రు అతని వైపు తిరిగాడు.

"ఒకవైపు సెయ్యీ కాలూ పడిపోనాయి. మాట కూడా లేదు. ఆళ్లోళ్లు కేసెడతన్నారు. కొట్టం ఎవలి నేల మీదుంటే ఆడిదే పూచీ అట. నిన్ను లోపలేస్తారు, నేల జప్తు సేత్తారు."

"మరి నానేటి సేతును?"

"నేల నా పేరున రాసీ. నీ పేరున ఏటీ లేకపోతే ఆళ్లేటి పట్టుకెల్తారు? నాను జీపు తోలేవోణ్ని, నా జోలికి రారు. నువ్వూ నానూ ఒక కొండోళ్లమే, మనలోన మనం రాసుకుంటే ఆపీసోళ్లు కూడా అడ్డు సెప్పరు. గొడవ సల్లారినాక తిరిగి ఎక్కించీ పూచీ నాది."

రాళ్లు చిటపటలాడుతున్నాయి. ఫల్గుణ ముఖం మీంచి చెమట గడ్డం దాకా కారుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడుస్తున్నట్టే ఉన్నాయి. ఈ బల్ల మీద కూర్చుని అబద్ధం చెప్పకూడదని ఈ నోటితోనే కదా చెప్పాడు. సుక్రు తల ఊపాడు.

అసిరమ్మకి చెబితే ఆమె చేటలో రాగులు అలాగే వదిలేసి లేచింది.

"పంతుల్ని సూసొద్దాం పద. మంచంల ఉన్నోడి కాళ్లు పట్టుకుంటే మనిసన్నోడు కరగడేటి?"

"ఎల్తే తంతారన్నాడు నేస్తం."

"తన్ననీ. తన్నులు తిని వొద్దాం. ముందు మన కళ్లతోటి సూద్దాం."

"అంటే నేస్తం మాట నిజమో కాదో సూడ్డానికెల్లాలా? ఈ మాట ఊళ్లో తెలిస్తే నా ముఖం మీద ఉమ్ముతారు."

"నేల పోయినాక ఏటి సేత్తారు, ముద్దెట్టుకుంటారా?"

సుక్రు చెయ్యెత్తబోయి ఆగాడు. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేస్తం మాటని ఇంకోచోట సరిచూసుకోవడమంటే, అతని లెక్కలో పెళ్లాన్ని అనుమానించడం కంటే హీనం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలాగే విన్నాడు, అలాగే నడిచాడు.

అయిదో తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో, నేల రాసిచ్చే కాగితం మీద ఒక్కొక్కటీ దిద్దినట్టు పేరు రాసి, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగాడు. ఫల్గుణ హోటల్లో మాంసం కూరతో భోజనం పెట్టించాడు. తిరిగొచ్చేటప్పుడు జీపులో పాటలు పెట్టలేదు. అది తన బాధ చూసేననుకున్నాడు సుక్రు.

తర్వాత చాలా నెలలు సుక్రు తనకి తనే సర్దిచెప్పుకుంటూ బతికాడు. చదును చెక్కలో ఫల్గుణ సిమెంటు బస్తాలు దింపించాడు. "కాళీగా ఉంటే ఆళ్లకి అనుమానం నేస్తం," అన్నాడు. గదులు లేచాయి. చుట్టూ ముళ్లకంచె వచ్చింది. "పశువులు పడతన్నాయి," అన్నాడు. కాఫీ పండ్లు ఎర్రబడ్డాక ఫల్గుణ కూలీలు గంపలతో వాలెక్కారు. సుక్రు వెళ్లేసరికి కింది కొమ్మలు దూసేసి ఉన్నాయి. "కేసు కరుసులుంటాయి కాదేటి," అన్నాడు. పంతులు ఎలా ఉన్నాడని అడిగితే, "అలాగే ఉన్నాడు" అనేవాడు. ఆదివారాల్లో సుక్రు చర్చి దారిన పోతూ, కొండదేవతకి మొక్కే మనిషై ఉండీ, గుమ్మం బయట నిలబడి ఆ పంతులు కాలు కదలాలని దండం పెట్టుకునేవాడు. ఉడుకుకొట్టం మాత్రం అతనే ముట్టించేవాడు. అదొక్కటే తనదన్నట్టు మిగిలింది.

మరుసటి చలికాలం, సంత లేని ఒక పొద్దున, సుక్రు కొట్టం ముందు కట్టెలు చీలుస్తుంటే రోడ్డు మీద కారు ఆగింది. భారీ మనిషి దిగాడు. వెనకే ఆయన భార్య. ఇద్దరూ కంచె దాటి, గట్టు దిగి, చకచకా నడుచుకుంటూ వస్తున్నారు.

సుక్రు గొడ్డలి పక్కన పడేశాడు. చేతులు జోడించాడు.

"పంతులుగారూ... మీరు నడస్తన్నారా?"

"నడవక? పాకుతాననుకున్నావా సుక్రూ?" నతానియేల్ గొంతు గెడ్డ అవతలికి వినబడింది. "బావున్నావా? ఇదిగో, మా ఆవిడ. నన్ను ఈడ్చి పడేసిన మనిషిని చూపించమని ఏడాది నుంచి ప్రాణం తీస్తోంది."

ఆవిడ దండం పెట్టింది. "ఈయన్ని ఈడ్చారంటే మామూలు బలం కాదండి. మంచం మీంచి లేపడానికే నాకు రోజూ నడుం పడిపోతోంది."

"మరి పక్షవాతం..." అన్నాడు సుక్రు.

"ఎవరికి?"

"సెయ్యీ కాలూ పడిపోయేయన్నారు. మాట కూడా లేదన్నారు. కేసెట్టేరన్నారు కదా."

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆ సాయంత్రమే పంపేశారయ్యా ఆస్పత్రి వాళ్లు. సెలైను ఎక్కించి, తాగి ఆవిర్లో కూర్చున్నందుకు నాలుగు తిట్లు తిట్టి," అన్నాడు నతానియేల్. "తాగింది నేను, పందెం కాసింది నేను. నీ మీద కేసెందుకు పెడతాను? మర్నాడే ఫల్గుణకి ఫోన్ చేసి చెప్పానే! నీతో మాట్లాడతానంటే, పొలంలో ఉన్నాడు, నేను చెప్తాలెండి అన్నాడు. చెప్పలేదా?"

మర్నాడే. అంటే ఇద్దరూ ఆ బల్ల మీద కూర్చునేనాటికి ఫల్గుణకి అంతా తెలుసు. పంతులు తిని తిరుగుతున్నాడని తెలిసే గరిటెతో నీళ్లు పోశాడు. తెలిసే కళ్లు ఎర్రచేసుకున్నాడు. సుక్రు దుంగ మీద కూలబడ్డాడు. పంతులు భార్య కంగారుగా నీళ్లు అందించింది. ఆవిడ ఇచ్చిన చేగోడీల పొట్లం అతని ఒళ్లో అలాగే ఉండిపోయింది.

ఫల్గుణ కొత్త గదుల దగ్గర రంగులు వేయిస్తున్నాడు. సుక్రు వెనకే పంతులు కూడా వస్తుండడం చూసి, అప్పుడే అంతా అర్థం చేసుకున్నాడు. అయినా నవ్వాడు.

"రా నేస్తం. టీ తాగుతావా?"

"నా నేల నాకు రాసీ."

"ఏ నేల?"

"పంతులుకి ఏటీ అవ్వలేదు. అదిగో, నిలబడ్డాడు సూడు."

"అవ్వకపోతే మంచిదే కాదేటి? బాగు పడ్డాడు." రంగు డబ్బా కింద పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "సూడు నేస్తం. నీ సేతుల ఉంటే అక్కడ ఏటుండేది? నాలుగు కాపీ మొక్కలు, ఒక గుడిసె. ఇప్పుడు సూడు, ఎన్ని గదులో! నిన్నేటి పొమ్మన్నానా? కొట్టం ముట్టించుకో. నెలకి జీతమిస్తాను."

"నా నేల మీద నాకు జీతమా!"

"నాను అడిగేను, నువ్విచ్చేవు. నేస్తానికిచ్చింది మల్లీ అడుగుతారేటి? పెద్దలు వింటే నవ్వుతారు."

అక్కడే, రంగులేసే కూలీల ముందు, సుక్రు అతన్ని పేరు పెట్టి పిలిచి, తల్లీ తండ్రీ కలిసేలా తిట్టాడు. కూలీలు కుంచెలు ఆపేశారు. పంతులు అతని భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

కులపెద్ద బుధు ఇంటి ముందు ఊరు కూర్చుంది. నతానియేల్ ఆ పూట ప్రయాణం మానుకుని మరీ సాక్ష్యం చెప్పాడు: తనకి పక్షవాతం రాలేదు, కేసు పెట్టలేదు, ఆ సంగతి ఫల్గుణకి ముందే తెలుసు. ఫల్గుణ కాదనలేదు. అదే సుక్రుని ఎక్కువ భయపెట్టింది. కాదని బొంకినా ఆశ ఉండేది.

"అబద్ధమాడి తీసుకున్నాడు బాబూ," అన్నాడు సుక్రు. "దొంగతనం కాదేటి ఇది?"

బుధు ఆరిపోయిన చుట్ట నోట్లోంచి తీశాడు.

"అబద్ధమాడ్డం ఆడి పాపం. ఆడికి తప్పు ఏస్తాం, మేకని కోయిస్తాం," అన్నాడు. "కానీ ఇచ్చిన సెయ్యి నీది. నేస్తానికిచ్చిన నేలని పంచాయితీ పెట్టి ఎనక్కి లాగితే, రేపు ఈ కొండ మీద ఎవడి నేస్తం నిలబడద్ది? మా తాత నేస్తం ఇచ్చిన చెక్కలోనే నానిప్పుడు ఇల్లు కట్టుకున్నాను. అది కూడా అడుగుతారు రేపు."

"అయితే నా గతేటి?"

"నువ్వు కూడా తప్పు కట్టాలి సుక్రూ. నేస్తం పేరు నోట అన్నావు. నలుగురూ విన్నారు."

అసిరమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచింది. "ఆడు పొలం మింగితే మేక. ఈయన పేరంటే కూడా మేకేనా బాబూ? మీ తూకం బావుంది!" ఆమె దుమ్ము దులుపుకుని ఇంటికి నడిచింది.

పంతులు ఊరుకోలేక సుక్రుని విజయనగరంలో తనకి తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. మోసమని కోర్టులో వెయ్యొచ్చన్నాడు వకీలు. కానీ ఇష్టపూర్తిగా ఇస్తున్నానని సుక్రు స్వయంగా సంతకం చేశాడు, మాట జరిగింది ఇద్దరి మధ్యే, ఏళ్లు పడుతుంది, తేలుతుందని చెప్పలేనన్నాడు. దావా వేశారు. అది ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు సుక్రూ అసిరమ్మా పక్క ఊరివాళ్ల తోటల్లో కూలికి కాఫీ కోస్తారు. పని లేని రోజు సుక్రు వచ్చి కంచె బయట రోడ్డు మీద నిలబడతాడు. ఉడుకుకొట్టం గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంటుంది. లోపల ఫల్గుణ పెట్టిన కొత్త కుర్రాళ్లు గెడ్డలోని నున్నటి రాళ్లు వేశారని పొయ్యి చప్పుడే చెబుతుంది. తలుపుకి గడియ బిగించారు. కార్లు దిగి, కల్లు కుండల వైపు నడిచేవాళ్లని చూసి సుక్రు ఉండబట్టలేక అరుస్తాడు.

"తాగీసి లోపలికెల్లకండి బాబూ! గొలుసులు తీసీండి! ఒంట్లో బాగోపోతే వొచ్చీండి, పందేలు కాయకండి! గడియ ఎయ్యనివ్వకండి!"

కొందరు పిచ్చివాడనుకుని ఫోను తీసి ఫొటో కొట్టుకుంటారు. కుర్రాళ్లు వచ్చి అదిలిస్తారు. మొన్న ఒక పెద్దమనిషి మాత్రం ఆగాడు. పక్కన చిన్న కూతురు ఉంది. ఇదంతా మీకెందుకండీ, ఈ చోటుకీ మీకూ ఏమైనా సంబంధమా అని మర్యాదగానే అడిగాడు.

సుక్రు కంచె మీద చెయ్యి వేసి, గెడ్డ ఒడ్డు నుంచి వాలు పైన ఆఖరి సిల్వర్ ఓకు దాకా చూపించి చెప్పాడు. ఎకరా డెబ్బై నాలుగు సెంట్లు.